అంగట్లో కోడిపిల్లలు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి

వీడియోలో రెండు మాటల్లో చెప్పిన విషయాన్ని ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఒంటిమిట్ట చుట్టుపక్కల మామిడి, నిమ్మ, అరటి తోటల్లో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు కోళ్ల అవసరం బాగా తెలుసు. చెట్ల కింద ఆకులు గీరి చెదపురుగుల్ని, పురుగు గుడ్లను ఏరుకు తింటాయి, రెట్ట భూమికి పోతుంది, ఇంటికి నాలుగు గుడ్లు వస్తాయి. చాలా ఇళ్లలో ఆ కోళ్ల డబ్బు ఆడవాళ్ల చేతి ఖర్చు. మరి పిల్లలు యాడ తేవాలి? దగ్గరలో దొరికేది దాణా, పశువుల మందులు అమ్మే అంగడే. అట్టపెట్టెలో కిచకిచలాడే పిల్లలు కనపడతాయి, ధర తక్కువ చెప్తారు, యాభై పిల్లల్ని సంచిలో వేసుకుని వచ్చేస్తాం. ఆ యాభైలో కొన్ని చస్తే పోయింది యాభై పిల్లల డబ్బే అనుకుంటాం. అసలు నష్టం అది కాదు. వాటి వెంట వచ్చిన రోగం ఇంట్లో మూడు తరాలుగా ఉన్న నాటు పెట్టల్ని, పుంజుల్ని ఊడ్చిపెడితే ఆ జాతి మళ్లీ డబ్బిచ్చినా దొరకదు.

ముందు జాతి సంగతి చూద్దాం. "నాటుకోడే అన్నా, చూస్కో రంగులు" అంటాడు అంగడాయన. ఒకరోజు పిల్లను చూసి నాటుదా కాదా అని తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టం. గోధుమరంగు చారలు, నలుపు, తెలుపు కలిసిన రంగులు సంకరజాతుల్లోనూ వస్తాయి. బంగ్లాదేశ్‌లో ఆర్ఐఆర్ పుంజును ఫయోమి పెట్టతో కలిపి తీసిన సోనాలి అనే సంకరం ఉంది. చూడ్డానికి అచ్చం నాటుకోడే. కడక్‌నాథ్ పేరుతో అమ్మేవాటి కథ కూడా ఇంతే. మధ్యప్రదేశ్ ఝాబువా కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక గిరాకీ పెరిగింది గానీ, నల్లగా ఉన్నదల్లా కడక్‌నాథ్ కాదు. ఇక సంతల్లో గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మే పిల్లలైతే ఎక్కువగా గుడ్ల కోళ్ల జాతి మగపిల్లలు. గుడ్లు పెట్టవు కాబట్టి హ్యాచరీకి అక్కర్లేదు, మాంసం కూడా తొందరగా పట్టదు. ఇంట్లో పిల్లలు ఏడిస్తే కొనిస్తాం, అంతే.

సంకరజాతి చెడ్డదని కాదు చెప్పేది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తీసిన వనరాజా, గ్రామప్రియ పెరటి పెంపకం కోసమే వచ్చాయి. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే వనరాజా వందకు పైన పెడుతుంది. కానీ ఇవి పొదుగుకు కూర్చునేది తక్కువ. వాటి గుడ్లు వేరే పెట్ట కింద పొదగేసినా, వచ్చే తరం తల్లిలాగా ఉండదు. హైబ్రిడ్ విత్తనం దాచుకుని మళ్లీ వేస్తే ఏమవుతుందో మనకు తెలిసిందే కదా, ఇదీ అట్లాంటిదే. ప్రతిసారీ అంగడికి పోవాల్సిందే. విత్తనం సొంతంగా ఉండాలని పట్టుపట్టే మనం కోడి దగ్గర ఆ మాట మర్చిపోతున్నాం.

ఇప్పుడు రోగాలు. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది. దాంతో రెండు, మూడు దినాలు మేత, నీళ్లు లేకున్నా బతుకుతుంది. అందుకే హ్యాచరీవాళ్లు అంతంత దూరాలు పంపగలుగుతున్నారు. ఆ పెట్టె ఎప్పుడు బయల్దేరిందో, దారిలో ఎన్ని గంటలు ఎండలో నిలబడిందో మనకెవరూ చెప్పరు. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. మే నెలలో మన కడప ఎండ 42 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. మనం కొనేటప్పటికే ఆ పిల్ల ఒంట్లో నీళ్లు ఇంకిపోయి ఉంటే, ఇంటికొచ్చిన మూడో దినం, నాలుగో దినం చావడం మొదలవుతుంది. అప్పుడు మన దాణానో, మన నీళ్లో బాగలేదని అనుకుంటాం.

ఇంకొకటి, అంగట్లో ఒకే హ్యాచరీ పిల్లలు ఉండవు. పోయిన వారం మిగిలినవి, ఈ వారం వచ్చినవి, ఇంకెవరో వాపసు ఇచ్చినవి, అన్నీ ఒకే చోట, ఒకే నీళ్ల గిన్నె. తెల్ల విరేచనాల రోగం తల్లి నుంచి గుడ్డులోకే వస్తుంది. అట్లాంటి పిల్ల ఒకటి పెట్టెలో ఉంటే చాలు, మిగతావాటికి అంటుతుంది. బతికి బట్టకట్టినవి కూడా పెద్దయ్యాక ఆ రోగాన్ని తమ గుడ్లలోకి పంపుతూనే ఉంటాయి. కొక్కెర తెగులు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పచ్చ విరేచనాలు, మెడ తిరిగిపోవడం, రెక్కలు వాలిపోవడం, వారంలో దొడ్డి ఖాళీ. అది ఒంట్లో చేరాక బయటపడ్డానికి రెండు నుంచి పదిహేను దినాలు పట్టొచ్చు. అంటే అంగట్లో చలాకీగా కనపడిన పిల్ల కూడా రోగంతోనే ఉండొచ్చు. చూసి కొన్నాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

బర్డ్ ఫ్లూ మనకు దూరం అనుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బ ఊళ్లలో కోళ్లు చచ్చి, పరీక్షల్లో అదేనని తేలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు. అట్లాంటి వార్త విన్నప్పుడు కనీసం కొన్నాళ్లు ఎవరి దగ్గరా పిల్లల్ని కొనకపోవడమే మేలు. ధర సగానికి పడిపోయిందని పరుగెత్తేది ఆ వారంలోనే, పోకూడనిదీ ఆ వారమే.

టీకాల దగ్గర మనవాళ్లలో రెండు రకాల పొరపాటు ఉంది. "టీకా వేసినవే" అని అంగడాయన అంటే నమ్మేస్తాం. ఏ టీకా అని అడగం. మారెక్స్ టీకా హ్యాచరీలోనే, మొదటి దినమే మెడ దగ్గర వేయాలి. తర్వాత ఇంట్లో వేయాలనుకుంటే ఆలస్యమైపోయినట్టే. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాచి పడిపోయే కోళ్లను మీరు చూసే ఉంటారు, అది ఆ రోగం. ఒకరోజు పిల్లకు వేసిన టీకా అంటే దాదాపుగా ఇదొక్కటే, కొక్కెరకు కాదు. ఇక రెండో పొరపాటు: ప్రకృతి వ్యవసాయం కాబట్టి టీకా వద్దనడం. పసుపు, వెల్లుల్లి, మజ్జిగ మంచివే, మేమూ వాడమంటాం. కానీ కొక్కెరను అవి ఆపవు. టీకా పురుగుమందు కాదు. ఐదు నుంచి ఏడో దినం లోపు కంట్లో లసోటా చుక్క, పద్నాలుగో దినం గంబోరో, ఇరవై ఎనిమిదో దినం మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది. సీసాలో వంద డోసులు, అంతకంటే ఎక్కువే ఉంటాయి, కలిపిన తర్వాత రెండు గంటల్లో అయిపోవాలి. ఇరవై పిల్లలున్న ఇల్లు ఒక్కటే కొంటే వృథా. వీధిలో నలుగురు కలిసి ఒకే దినం వేయించుకోండి. మీ ఊరి పశువైద్యశాలలో అడగండి, తెచ్చేటప్పుడు ఐసు తప్పనిసరి.

అంగడాయన ఇచ్చే రంగునీళ్ల మందులతో మాత్రం జాగ్రత్త. పిల్లలు పారుకుంటున్నాయంటే చాలు ఏదో ఒక యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. పశువుల్లో, కోళ్లలో కొలిస్టిన్ వాడకాన్ని 2019లోనే కేంద్రం నిషేధించింది. సీసా మీద పేరు చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి.

అయినా కొనాల్సే వస్తే? "ఏ హ్యాచరీ, ఏ దినం పొదిగినాయి, ఏ టీకా" అని అడగండి, బిల్లు మీద రాయమనండి. రాయనంటే వెనక్కి రండి. పిల్లను చేతిలో వెల్లకిలా పెట్టండి, రెండు మూడు క్షణాల్లో తిరిగి లేవాలి. బొడ్డు మూసుకుని ఎండి ఉండాలి, తోక కింద రెట్ట అంటుకుని ఉండకూడదు. ఇంటికి తెచ్చాక పాత కోళ్లకు దూరంగా, వేరే గదిలోనో కొట్టంలోనో నెల దినాలు పెట్టండి. ముందు పాత కోళ్ల పని, ఆ తర్వాతే కొత్త పిల్లల పని. వాటికి వేరే గిన్నెలు, ఆ గదికి వేరే చెప్పులు. చచ్చినదాన్ని వంకలో పారేయొద్దు, కుక్కలు ఊరంతా తిప్పుతాయి. గుంత తీసి సున్నం వేసి పూడ్చండి.

చిన్నపిల్లల గురించి ఒక మాట. అమెరికాలో దాణా అంగళ్లలో కోడిపిల్లలు కొనడం మామూలు, ఏటా అక్కడ పెరటి కోళ్ల నుంచి మనుషులకు సాల్మొనెల్లా సోకుతోందని వాళ్ల ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఐదేళ్లలోపు పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దంటారు. మన ఇళ్లలో పిల్లలు వాటిని ముద్దులు పెట్టుకుంటారు. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి.

మా ఓటు మాత్రం గుడ్లకే. మీకు తెలిసిన ఇంట్లో, కొక్కెర తగలని కోళ్లున్న చోట, పుంజు తిరిగే మందలో వారం లోపు గుడ్లు తెచ్చుకుని మీ పొదుగు పెట్ట కింద పది, పన్నెండు వేయండి. గుడ్డులో వచ్చే రోగాలు తెల్ల విరేచనాల్లాంటివి కొన్ని ఉన్నాయి, అందుకే ఎవరి మంద అనేది చూసుకోవాలి. మారెక్స్, రక్త విరేచనాలు మాత్రం గుడ్డులోంచి రావు. పైగా తల్లి కింద పెరిగిన పిల్లకు గద్ద నీడ పడగానే తల్లి పిలుపు అర్థమవుతుంది, చెట్టు కిందికి దూరుతుంది. బల్బు కింద పెరిగిన అంగడి పిల్లకు ఆ పిలుపు తెలీదు. తోటలో వదిలిన మొదటి వారం గద్దలకు, ముంగిసలకు పోయేవి ఎక్కువ అవే. ఎండాకాలంలో గుడ్డు తొందరగా చెడుతుంది కాబట్టి ఒంటిమిట్ట కల్యాణం దాటిన తర్వాత పొదుగు వేయకుండా, వానలు పడి చల్లబడే దాకా ఆగండి. ఏడో దినం రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనపడాలి. ఏమీ కనపడని గుడ్లు తీసేయండి, పెట్టకు మిగతావాటిని కప్పుకోవడం తేలికవుతుంది.