నెట్‌లో మన ఊరి నీళ్ళు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నుంచి వచ్చిన మనకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. పళ్ళ మీద గారలు, పని వయసులోనే వంగిపోయిన నడుములు చాలా ఊళ్ళలో చూస్తూనే పెరిగాం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. కానీ మన బోరులో ఎంత ఉందో ఊరి బయట ఎవరికి తెలుస్తుంది?

వెనకటి రోజుల్లో స్వచ్ఛంద సంస్థ వారు ఊరికి వచ్చి నివేదిక రాస్తే, అది పోస్టులో దాతకు చేరేది. డబ్బు ఇచ్చినాయన ఏడాది తరువాత ఒక ఫోటో చూసేవాడు. ఊరివాళ్ళు ఏమనుకున్నారో ఆయనకు తెలిసేది కాదు.

ఈ పద్ధతిని మార్చినవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. 1991లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ కూచిమంచి రవిగారు అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్ అనే సంస్థను ప్రారంభించారు. క్లుప్తంగా ‘ఎయిడ్’ అంటారు. విద్యార్థులు, ఉద్యోగులు తీరిక వేళల్లో పనిచేస్తూ ఒక్కొక్క నగరంలో శాఖ పెట్టుకున్నారు. వారిని కలిపి ఉంచినది ఈమెయిలే. ఒక పల్లె గురించి ప్రతిపాదన వస్తే అందరూ చదివి ప్రశ్నలు అడుగుతారు. సెలవులకు ఇండియా వచ్చినవారు స్వయంగా చూసి రాస్తారు. 2003లో మహారాష్ట్రలోని బిల్‌గావ్ అనే ఆదివాసీ గ్రామంలో వాగు నీటితో చిన్న విద్యుత్ కేంద్రం ఇలాంటి సహాయంతోనే వచ్చింది. 2004 నాటి ‘స్వదేశ్’ సినిమాలో కరెంటు కథకు ప్రేరణ అదే. సినిమాలో హీరోయే కనిపిస్తాడు గానీ, బిల్‌గావ్‌లో ఊరంతా శ్రమదానం చేసింది.

2010 తరువాత మిలాప్, కెట్టో వంటి విరాళాల వేదికలు, ఆపైన వాట్సాప్ వచ్చి పని ఇంకా సులువైంది. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఆపరేషన్ కోసం ఎదురుచూసే పాప ఫోటో చూస్తే మనసు కరిగి వెంటనే డబ్బు పంపుతారు. ఇరవై ఏళ్ళపాటు మెల్లగా ఎముకలు వంచే నీళ్ళకు ఏ ఫోటో తీస్తాం? చూడటానికి అవి తేటగానే ఉంటాయి. పైగా రాసేవాడున్న ఊరి కష్టమే నెట్‌లోకి ఎక్కుతుంది. లేని ఊరు ఉన్నచోటే ఉంటుంది.

నీళ్ళ సంగతి చెప్పడానికి అంకె కావాలి. ఏ బోరు, ఏ తేదీ, ఎంత ఫ్లోరైడ్, ఎన్ని ఇళ్ళవాళ్ళు తాగుతున్నారు? పది ఊళ్ళ అంకెలు ఒకచోట పెడితే అధికారైనా, అమెరికాలోని దాతైనా కాదనలేరు. ఇది మన హాస్టల్ పిల్లలం చేయగల పనే.

సెలవులకు వెళ్ళినప్పుడు గాజుది కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకెళ్ళండి. బోరును కొన్ని నిమిషాలు వదిలేసి, అవే నీళ్ళతో సీసాను రెండు మూడు సార్లు తొలిచి, నిండా పట్టండి. మూత బిగించి ఊరి పేరు, బోరున్న వీధి, తేదీ రాసిన కాగితం అంటించి, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారికి పరీక్షకు ఇవ్వండి.