గుంజే పునాదిగా: స్తంభ చట్ర షెడ్ల నిర్మాణంలో గాలి లెక్క

పశువుల కొట్టమైనా, ఎరువుల గోదామైనా, ట్రాక్టరు నిలిపే షెడ్డైనా కట్టదలచిన రైతు మొదట అడిగేది ఖర్చు గురించే. ఇటుక గోడలు, వరుస పునాది లేకుండా గుంజలను నేరుగా భూమిలో నాటి, వాటి తలలపైనే కప్పును నిలిపే 'పోల్ బార్న్' పద్ధతి ఈ ప్రశ్నకు అమెరికా వ్యవసాయ క్షేత్రాలు ఇచ్చిన సమాధానం. సాంకేతికంగా దీనిని స్తంభ చట్ర నిర్మాణం అనవచ్చు. ఈ నమూనాను మన జిల్లాలలో సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు సరిచూడవలసిన అంశాలను, అందులో ముఖ్యంగా గాలి ప్రభావాన్ని, ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ పద్ధతి ఆధునిక రూపం 1930ల నాటిది. సెయింట్ లూయిస్ నగరంలో వ్యవసాయ క్షేత్రాల నిర్వహణ సంస్థను నడిపిన హోవర్డ్ డోన్‌కు, ఆయన వద్ద పనిచేసిన బెర్నన్ పెర్కిన్స్‌కు దీని రూపకల్పనలో ప్రధాన పాత్ర ఉందని చెబుతారు. క్రియోసోటు పట్టించిన గుండ్రని గుంజలు, జింకు పూత గల ఇనుప రేకులు అప్పటికే అందుబాటులోకి రావడం వారికి కలిసివచ్చింది. గుంజ నాటడం మనకు కొత్త విద్య కాదు. నిట్రాడు నిలిపి, దూలం ఎత్తి, వాసాలు పరచి తాటాకు కప్పిన పాకలు కోస్తా పల్లెలలో తరతరాలుగా ఉన్నవే. అయితే ఆకు కప్పు కొన్నేళ్లకొకసారి విప్పి కప్పవలసినదే కనుక, పుచ్చిన గుంజను అప్పుడే మార్చుకునే వీలుండేది. రేకుల షెడ్డు నుంచి రైతు పాతికేళ్ల మన్నికను ఆశిస్తాడు. ఆ కాలమంతా గుంజ మొదలు భూమిలో, ఎవరి కంటా పడకుండా ఉంటుంది.

గోడ లేని షెడ్డు

అమెరికా నమూనాలో గుంజల మధ్య దూరం సాధారణంగా 8 అడుగులు, అంటే సుమారు 2.4 మీటర్లు. గుంజలకు అడ్డపట్టీలు, వాటికి రేకులు బిగిస్తారు. ఇక్కడ రేకు ఎండవానలకు అడ్డుగా నిలవడమే కాక నిర్మాణ భారంలోనూ పాలు పంచుకుంటుంది. కప్పు రేకులు, పర్లిన్లు కలిసి ఒక బిగువైన పలకలా పనిచేసి, పక్క గోడను తాకిన గాలి బలాన్ని రెండు చివరల గోడలకు చేరవేస్తాయి. దీనినే డయాఫ్రం చర్య అంటారు. సన్నని గుంజలతో అంత పెద్ద షెడ్డు నిలబడడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మన పశువుల కొట్టాలు గాలి ఆడడానికి నాలుగు వైపులా తెరచి ఉంటాయి. ఈ వాతావరణంలో అలా ఉండడమే సరైనది. కానీ చివరి గోడలు లేనప్పుడు కప్పు పలక తనకు అందిన బలాన్ని అప్పగించడానికి చోటుండదు. అప్పుడు ప్రతి గుంజా భూమిలో పాతుకున్న ఒంటరి కర్రలా వంగుబాటును ఒంటరిగా తట్టుకోవాలి. అందువల్ల అమెరికా పట్టికలలోని గుంజ మందాన్ని, గుంట లోతును తెరచిన కొట్టానికి యథాతథంగా వాడరాదు. గుంజకు, దూలానికి మధ్య ఏటవాలు ఊతకర్రలు, చివరి రెండు గదులలో ఇంటు గుర్తు ఆకారపు బిగింపులు తప్పనిసరి.

పైకి లాగే బలం

షెడ్డు అనగానే బరువు కిందికి దిగుతుందనే ఊహ సహజం. తేలికపాటి రేకుల కప్పుకు అసలు ప్రమాదం గాలి దానిని పైకి లాగడం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులలో ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదులో 44, కర్నూలులో 39. నివాసేతర వ్యవసాయ కట్టడాలకు 25 ఏళ్ల ఆయుష్షును ప్రాతిపదికగా తీసుకుని ఈ ప్రమాణం కొంత సడలింపునిస్తుంది. ఆ సడలింపు తరువాత కోస్తాలో 45 మీటర్లు అనుకుందాం. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1215 న్యూటన్లు, అంటే దాదాపు 124 కిలోల పీడనం వస్తుంది.

9 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు గల షెడ్డులో 3 మీటర్లకొక గుంజ చొప్పున రెండు వరుసలు ఉన్నాయనుకుందాం. మధ్య గుంజ ఒక్కొక్కటి 13.5 చదరపు మీటర్ల కప్పును మోస్తుంది. పీడన గుణకం కప్పు వాలును, తెరపిని బట్టి మారుతుంది. ఇక్కడ ఒకటిగా తీసుకుంటే ఒక్కో గుంజను పైకి లాగే బలం 1670 కిలోలకు చేరుతుంది. రేకు, పర్లిను, ట్రస్ అన్నీ కలిపి చదరపు మీటరుకు 15 కిలోలనుకుంటే కప్పు బరువు సుమారు 200 కిలోలే. మిగిలిన దాదాపు 1470 కిలోలను గుంజ మొదలే పట్టి ఉంచాలి.

60 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మీటర్ల లోతు గల గుంటను పూర్తిగా కాంక్రీటుతో నింపినా దాని బరువు సుమారు 815 కిలోలు మాత్రమే. తక్కినది మట్టి రాపిడి నుంచి రావాలి. తుఫాను గాలి వానతోపాటే వస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో భూగర్భజలం పైకి చేరి గుంట మునిగితే, నీటి ఎత్తుడు బలం వల్ల ఆ 815 కిలోలు సుమారు 475 కిలోలుగా మాత్రమే పనిచేస్తాయి. తడిసిన మట్టి పట్టు కూడా అదే సమయంలో సడలుతుంది. ఎండాకాలంలో ఊపి చూసి 'గట్టిగానే ఉంది' అనుకున్న గుంజ అక్టోబరు, నవంబరు నెలలలో పెళ్లగిలడానికి కారణం ఇదే. గుంట అడుగు భాగాన్ని పైభాగం కన్నా వెడల్పుగా తవ్వడం, కాంక్రీటులో ఉండే గుంజ మొదలుకు రెండు ఇనుప చువ్వలు అడ్డంగా దూర్చడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పనులు. చువ్వలు లేకపోతే కాంక్రీటు భూమిలోనే ఉండి, కర్ర మాత్రం జారి పైకి వస్తుంది.

పట్టు గుంజ మొదలులో ఉంటే సరిపోదు. రేకు నుంచి పర్లినుకు, పర్లిను నుంచి ట్రస్‌కు, అక్కడి నుంచి గుంజకు బలం తెగకుండా దిగాలి. గాలి పైకి లాగినప్పుడు నున్నని మేకు తన దారినే వెనక్కి వస్తుంది. కనుక రేకులకు వాషరు గల మరలు లేదా కొక్కెపు బోల్టులు, దూలానికి, గుంజకు మధ్య బోల్టులు, ఇనుప పట్టీలు వాడాలి. కప్పు అంచులలోను, మూలలలోను గాలి లాగుడు అధికం. అక్కడ మరలను దగ్గరగా వేయాలి.

కర్ర, మందు, మట్టి

చేవ గల కర్రే మన్నుతుందని రైతుల నమ్మకం. మందు పట్టించని కర్ర విషయంలో అది నిజం. పీడనంతో మందు ఎక్కించే కర్ర విషయంలో పరిస్థితి తలకిందులవుతుంది. మందును పీల్చుకునేది వెలుపలి లేత కర్ర. చేవలోకి అది అంతగా దిగదు. కాబట్టి సరుగుడు, నీలగిరి గుంజలను చెక్కి నలుపలకలు చేయకుండా, బెరడు మాత్రం తీసి, ఎండనిచ్చి, గుండ్రంగానే శుద్ధి చేయించాలి. శుద్ధి తరువాత మొదలు కోయరాదు; పొడవు సరిచేయవలసివస్తే కోత పైకొనకు పెట్టాలి. తారు పూయడం, మొదలు కాల్చడం పైపై రక్షణలే. రాగి లవణాలతో శుద్ధి చేసిన కర్రలో మామూలు ఇనుప మేకులు త్వరగా తుప్పు పడతాయి కనుక జింకు పూత గలవే కొనాలి.

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో గుంట లోతును నిర్ణయించేవాటిలో నేల గడ్డకట్టే లోతు ఒకటి. మనకు మంచు బాధ లేదు, నల్లరేగడి ఉంది. వానకు ఉబ్బి, వేసవిలో నెర్రెలిచ్చే ఈ నేలలో 1.2 మీటర్ల గుంజ చుట్టూ ఏటా సందు ఏర్పడుతుంది. ఇటువంటి నేలలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన, అడుగున ఉబ్బు గల పైలు పునాదులను సాధారణంగా 3.5 మీటర్ల వరకు దింపుతారు. అంత లోతుకు కర్ర నాటడం ఆచరణలో కుదరదు. లోతైన నల్లరేగడిలో కాంక్రీటు పైలు వేసి, దానిపై ఇనుప పాదంతో గుంజను బిగించడం మేలని నా అభిప్రాయం. ఖర్చు పెరుగుతుంది, ఆ సంగతి రైతుకు ముందే చెప్పాలి.

స్థలం, దిశల ఎంపిక అందరికీ తెలిసినదే: నీరు నిలవని మెరక, కొట్టమైతే తూర్పు పడమరలుగా పొడవు, ఆవుకు 3.5, గేదెకు 4 చదరపు మీటర్ల కప్పు నీడ. పర్యవేక్షణకు ఒకే రోజు వీలైతే గుంటలు పూడ్చే రోజునే వెళ్లడం మంచిది. గుంట లోతు, అడుగు వెడల్పు, చువ్వలు, గుంజ మొదలు ఆ రోజు తరువాత ఎవరికీ కనిపించవు. కాంక్రీటు పైతలాన్ని నేలకన్నా కొంచెం ఎత్తుగా, నీరు బయటికి జారేలా వాలుగా తీర్చాలి. ఏటా వానలకు ముందు గుంజ మొదట్లో పేరుకున్న మట్టిని, పేడను తొలగించి, నేల మట్టానికి కాస్త పైన, కాస్త కింద మొనదేలిన పనిముట్టుతో పొడిచి చూడాలి. మొన సులువుగా దిగిన గుంజను ఆ వేసవిలోనే మార్చాలి.