అంతర్జాతీయోద్యోగుల పిల్లల భృతి



పాఠశాలలో పిల్లలను జేర్చుకొనునపుడు ప్రవేశపుస్తకములో మేము నింపు గడులలో "తండ్రి లేక సంరక్షకుఁడు" అనునది యొకటి. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో ఉపాధ్యాయుఁడనై యున్న కాలమున ఆ గడిలో నేను అన్నల పేర్లు వ్రాసితిని, మేనమామల పేర్లు వ్రాసితిని, అమ్మమ్మల పేర్లును వ్రాసితిని. తండ్రి దుబాయిలో నుండఁగా పిన్నియింటఁ బెరిగిన పిల్లలు మాబడిలో ఎందఱో. "లేక" యను ఆ చిన్నమాట యెంత విలువగలదో, అది లేని నిబంధనలను జూచినపిమ్మటఁ గాని నాకుఁ దెలియలేదు.

ఐక్యరాజ్యసమితియు దాని యనుబంధసంస్థలును దమ యుద్యోగులకిచ్చు పిల్లల భృతి నేఁటి విషయము. ఇంతదూరపు ముచ్చట మనకేల యందురేమో! జగిత్యాల ప్రాంతపువాఁడైన నా శిష్యుఁడొకఁ డట్టి సంస్థలోఁ జేరి విదేశమునకుఁ బోయెను. తల్లిదండ్రులు గతించిరి. పదేండ్ల చెల్లెలిని వెంటఁ గొనిపోయి చదివించుచుండెను. 2012లో భృతికై యర్జీ పెట్టుకొనఁగా, చెల్లెలు "బిడ్డ" కాదని బదులు వచ్చెనఁట. "సారూ, బడిపుస్తకములో దాని తండ్రి గడిలో నాపేరు వ్రాసినది మీరే గదా!" అని నాకు జాబు వ్రాసెను.

ఈ యుద్యోగులు ఏ యొక్క దేశపు కొలువువారును గారు. వీరి జీతభత్యములను ఐక్యరాజ్యసమితి సాధారణసభ నిర్ణయించును; సలహా యిచ్చుటకు 1974లో ఆ సభయే యొక సివిల్ సర్వీసు కమీషనును ఏర్పఱచెను. బిడ్డకుఁ బదునెనిమిదేండ్లు నిండువఱకు, చదువుచున్నచో ఇరువదియొకటి వఱకు భృతి చెల్లును. వికలాంగులైన పిల్లలకు వయోనియమము లేదు. 2011 జనవరి నుండి అధికారశ్రేణివారికి బిడ్డ యొక్కరికి ఏటికి 2,929 డాలర్లు, వికలాంగశిశువునకు దానికి రెట్టింపుగా 5,858 డాలర్లు నిర్ణయింపఁబడెను. పెద్ద యధికారి బిడ్డకును చిన్న యధికారి బిడ్డకును మొత్త మొక్కటియే యగుట నాకు మెచ్చుదలగా నున్నది.

స్థానికముగా నియమింపఁబడు గుమాస్తాలకు, వాహనచోదకులకు మాత్రము ఆయాచోట్ల పరిస్థితులను బట్టి వేఱుమొత్తము. దీనిని వివక్ష యనువారు కలరు. నేనంతమాట యనను, ధరలు వేఱు, జీతములు వేఱు. ఒక్కతీరున నున్నవారిని ఒక్కతీరునను, వేఱుగ నున్నవారిని వేఱుగను జూచుటయే సమత యని అంతర్జాతీయ కార్మికసంస్థవారి న్యాయస్థానము పలుమాఱులు చెప్పినది. చిక్కంతయు, ఒక్కతీరున నున్నవారెవ్వరని తేల్చుటలోనే యున్నది. నా శిష్యుని చెల్లెలును, ప్రక్కబల్లపై నున్న యధికారి కూఁతురును ఒకే బడికిఁ బోవుచు, ఒకే తరగతిలో నుండిరి.

తోఁబుట్టువునకు వేఱొక పద్దు కలదు. తల్లి, తండ్రి, తోఁబుట్టువులలో ఒక్కరికే, 2011 నాఁటి లెక్కన ఏటికి 1,025 డాలర్లు. ఉద్యోగిపై నాధారపడు భార్య యున్నచో ఆ మొత్తమును లేదు. అనఁగా ఆ అన్న, సంపాదన లేని పిల్లను పెండ్లాడిన నాఁటినుండి చెల్లెలి పేర నొక డాలరైనను రాదు!

నిబంధన వ్రాసినవారు ఆచారముల నెఱుఁగనివారని యనరాదు. దత్తతకు శాసనముగాని కోర్టుపద్ధతిగాని లేని దేశములవారు ఆచారము ననుసరించి పెంచుకొను పిల్లలనుగూడ బిడ్డలుగా నంగీకరింపవచ్చునని 2011 నాఁటి యాదేశము చెప్పెను. కాని యట్టివారు మువ్వురికి మించరాదు. ఉద్యోగికిఁ దోఁబుట్టువు కారాదు. కన్నపిల్లలకు సంఖ్యానియమమే లేదు.

ఈ వెసులుబాటు మన ఉట్నూరు గోండు సోదరునకు దొరకునా? 1956 నాఁటి హిందూదత్తతచట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. కావున ఆచారమే గతి. అయినను 2015 నాఁటి బాలన్యాయచట్టము ప్రకారము దత్తత యెల్లవారికిని సాధ్యమే గనుక, "మీ దేశమున శాసన మున్నది" అని తలుపు మూయుటకు వీలున్నది. అన్నకొడుకును పెంచుకొన్నవాఁడు శాసనము లేదన్నను చిక్కే, ఉన్నదన్నను చిక్కే.

మన కేంద్రప్రభుత్వపు నియమము ఇంతకంటె ఇఱుకు. రైల్వేలలో, తపాలాలో పనిచేయువారికి 2017 జూలై నుండి నెలకు 2,250 రూపాయల విద్యాభృతి యేర్పడి, తరువాతఁ బెరిగినది. అది మొదటి యిద్దఱు పిల్లలకే. మూఁడవ బిడ్డ చేసిన నేరమేమో! తోఁబుట్టువు మాటయే లేదు. 2022లో దీపికా సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పిల్లలను సాఁకువారు పునర్వివాహముచేతను దత్తతచేతను మాఱుచుందురనియు, కుటుంబమునకు ఒకటే రూపము లేదనియు చెప్పినది. అది ప్రసూతిసెలవు తగవు. భృతినియమముల కింకను ఆ గాలి సోఁకలేదు.

శిష్యుని జాబందినపిమ్మట నేను ప్రవేశపుస్తకపు నకలు తీయించి, సంతకము చేయించి పంపితిని. నెలదినములలో అతఁడు దాని ప్రతిని నాకుఁ దిరిగి పంపెను. "సంరక్షకుఁడు: అన్న" అనుదానిలో చివరిమాటక్రింద నెవరో ఎఱ్ఱసిరాతో గీత గీసియుండిరి.