చదువురాని అవ్వ మతికి పరీక్ష ఎట్లా?

గోదావరిఖని అంగడిలో ఒక అవ్వ కూరగాయలు అమ్ముతోంది అనుకుందాం. వయసు అరవై దాటింది. ఏనాడూ బడికి పోలేదు. సంతకం రాదు. వేలిముద్రే వేస్తుంది. కానీ ఆమె బేరం వినాలి. పక్క ఊరి ఆమె వస్తే తెలుగులో మాట్లాడుతుంది. ఉర్దూ మాట్లాడే ఆమె వస్తే "క్యా హోనా అమ్మా?" అంటుంది. బొగ్గుబాయి పనికి ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం వస్తే హిందీలో ధర చెబుతుంది. ఒక భాష ఆపి ఇంకో భాష అందుకోవడానికి ఆమెకు క్షణం పట్టదు.

సింగరేణి కాలనీల్లో ఇట్లాంటి అవ్వలు చాలామంది ఉన్నారు. "చదువు లేదు కాబట్టి తెలివి లేదు" అని వారిని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు.

ఒకనాటి నుంచి ఆ అవ్వ చిల్లర లెక్క తప్పుతోంది. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోతోంది. తిన్న గంటకే "నాకు అన్నం పెట్టలేదు" అని కోడలితో కొట్లాడుతోంది. నలభై ఏళ్లు నడిచిన తొవ్వలో ఇల్లు తెలియక నిలబడిపోయింది. చుట్టుపక్కలవాళ్లు ఏమంటారు? "ముసలితనం, అంతే" అంటారు. "గాలి సోకింది" అంటారు. "కోడలు సరిగా చూస్తలేదు" అని కూడా అంటారు. పాపం, ఆ కోడలు నైట్ షిఫ్టుకు పోయే మగనికి సద్ది కట్టాలి. అత్తను వెతకాలి. ఈ మాటలూ పడాలి.

ఇది గాలి కాదు. కోడలి తప్పు కాదు. వయసు వల్ల వచ్చే మామూలు మరుపు కూడా కాదు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. మతి తగ్గే జబ్బు అన్నమాట. ఇందులో చాలా రకాలు ఉన్నాయి. ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ దీని గురించి చెప్పాడు. అందుకే ఆయన పేరు వచ్చింది. ఇంకో రకం మెదడులోని రక్తనాళాలు దెబ్బతింటే వస్తుంది. బీపీ, షుగర్ అదుపులో లేనివారికి దాని ముప్పు ఎక్కువ.

జబ్బు ఉందో లేదో తేల్చాలంటే మతిని పరీక్షించాలి. మెదడుకూ ఆలోచనకూ ఉన్న సంబంధం చూసేవారు, ఇట్లాంటి పరీక్షలు తయారుచేసేవారు న్యూరోసైకాలజిస్టులు. వారికి ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పరీక్షలు బయటి దేశాల్లో, చదువుకున్నవారి కోసం తయారయ్యాయి. ఒక వాక్యం రాయమంటారు. కాగితం మీద ఉన్నది చదివి అట్లాగే చేయమంటారు. వందలోంచి ఏడు, మళ్లీ ఏడు తీసేయమంటారు. బడికి పోని అవ్వ వీటిలో తప్పుతుంది. అది జబ్బు వల్లనా, బడి లేకపోవడం వల్లనా? మార్కులు చూస్తే రెండూ ఒక్క తీరే కనబడతాయి. జబ్బు లేని అవ్వకు జబ్బు అని రాయవచ్చు. జబ్బు ఉన్న అవ్వను "చదువు లేదు కదా" అని ఇంటికి పంపేయవచ్చు. రెండోదే పెద్ద అన్యాయం.

హర్యానా రాష్ట్రంలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పరిశోధకులు దీనికి ఉపాయం చూశారు. 1995లో ఆ పరీక్ష గురించి అచ్చు వేశారు. వాక్యం రాయమనే చోట "మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. చదివి కళ్లు మూయమనే చోట "నా ముఖం చూడండి, నేను చేసినట్లు చేయండి" అన్నారు. అని తామే కళ్లు మూశారు. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. శనివారం, శుక్రవారం, గురువారం... ఒకసారి చెప్పి చూడండి. చదువు అక్కర లేదు. కానీ మనసు పెట్టాలి.

హైదరాబాదులో ఈ దారిలో పెద్ద పని చేసిన డాక్టరమ్మ ఒకరు ఉన్నారు. ఆమె పేరు సువర్ణ అల్లాడి. మెదడు, నరాల డాక్టరు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేశారు. తర్వాత బెంగళూరులోని నిమ్‌హాన్స్‌కు వెళ్లారు.

అంతకుముందు 2007లో కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పారు. రెండు భాషలు మాట్లాడేవారికి మతి తగ్గే జబ్బు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా కనబడిందని. కానీ అక్కడ రెండు భాషల వాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. తేడా భాష వల్లనా, వలస వల్లనా? తేల్చడం కష్టం. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. పుట్టిన ఊళ్లోనే జనం తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడతారు. బడికి పోనివాళ్లు కూడా మాట్లాడతారు.

సువర్ణ గారు, తోటివారు నిమ్స్‌కు వచ్చిన 648 మంది రోగుల వివరాలు చూశారు. వందకు 14 మందికి చదువు లేదు. "తేడా ఎప్పుడు మొదలైంది?" అన్నది రోగికి గుర్తుండదు కదా. ఇంట్లోవాళ్లను అడిగారు. 2013లో ఫలితం వచ్చింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలు వచ్చినవారికి జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు చదువే లేనివారిలో ఆ తేడా ఆరేళ్లు! అంటే ఆ లాభం బడి ఇచ్చింది కాదు. మూడు, నాలుగు భాషలు వచ్చినా రెండింటి కంటే ఎక్కువ లాభం కనబడలేదు.

ఎందుకు ఇట్లా? రెండు భాషలు వచ్చిన మనిషి ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదాన్ని ఆపిపెట్టాలి. అది రోజుకు వందసార్లు జరుగుతుంది. అట్లా మెదడుకు రోజూ కసరత్తు అవుతుందని, జబ్బు వచ్చినా కొంతకాలం తట్టుకుంటుందని పరిశోధకుల ఆలోచన.

పక్షవాతం వచ్చిన 608 మందిని కూడా ఇట్లాగే చూశారు. ఆ ఫలితం 2016లో వచ్చింది. రెండు భాషల వాళ్లలో వందకు 40 మందికి మతి బాగానే నిలిచింది. ఒకే భాష వాళ్లలో 20 మందికే నిలిచింది.

అయితే ఇంకో భాష నేర్చుకుంటే జబ్బు రాదని అనుకోవద్దు. రెండు భాషల వాళ్లకూ వచ్చింది, ఆలస్యంగా వచ్చింది. పైగా వీరంతా ఆసుపత్రి దాకా రాగలిగినవాళ్లు. వేరే దేశాల్లో కొన్ని పరిశోధనల్లో ఈ తేడా కనబడలేదు కూడా.

తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళం భాషల్లో మతి పరీక్షలు తయారుచేయించింది. చదువు వచ్చినవారికి ఒక తీరు, రానివారికి ఒక తీరు. ఆ పనిలోనూ సువర్ణ గారు ఉన్నారు.

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ మరుపంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ తేడా వల్ల, బి12 విటమిన్ తక్కువ కావడం వల్ల కూడా మతి తగ్గుతుంది. వాటికి మందులు ఉన్నాయి. అందుకే డాక్టరుకు చూపించాలి. పోయేటప్పుడు వాడే మందుల చీటీలు తీసుకుపోవాలి. మార్పులు ఎప్పుడు మొదలైనవో ఒక కాగితం మీద రాసుకుపోవాలి. తారీఖులు గుర్తు లేకపోతే పండుగ పేరు చాలు. ఆ కోడలు రాస్తే ఇట్లా ఉంటుంది:

"బతుకమ్మ పండుగకు చిల్లర తప్పింది. సంక్రాంతికి పొయ్యి మీద అన్నం మరిచింది. హోలీ తెల్లారి తొవ్వ తప్పింది. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడుతుంది. బడికి పోలేదు."