రీలు పెట్టె ఎవరి చేతిలో ఉంది?

1920 జనవరి నెల భారతదేశంలోనూ, అమెరికాలోనూ రెండు ముఖ్యమైన ఆరంభాలను చూసింది. 31వ తేదీన బొంబాయిలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పక్షపత్రిక ‘మూక్‌నాయక్’ తొలి సంచిక వెలువడింది. అంతకు కొద్ది రోజుల ముందే చికాగోలో నల్లజాతి నిర్మాత ఆస్కార్ మిషో తీసిన ‘వితిన్ అవర్ గేట్స్’ అనే మూకీ చిత్రం తొలి ప్రదర్శన జరిగింది. ఈ రెండు ప్రయత్నాలకూ పరస్పర సంబంధం లేదు. అయితే రెండింటినీ పుట్టించిన అవసరం ఒక్కటే. డబ్బు చెల్లిస్తామన్నా ‘మూక్‌నాయక్’ ప్రకటనను ప్రచురించడానికి ‘కేసరి’ పత్రిక సమ్మతించలేదు. అమెరికాలో 1915 నాటి ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చిత్రం నల్లవారిని కామాంధులుగా, కూ క్లక్స్ క్లాన్ ముఠాను వీరులుగా చూపింది. ఆ చిత్రాన్ని అధ్యక్ష భవనంలోనే ప్రదర్శించారు. పరాయి పత్రికలో చోటు దొరకనివాడు సొంత పత్రిక పెట్టుకోవాలి. పరాయి తెరపై రాక్షసుడిగా కనిపించేవాడు సొంత తెర కట్టుకోవాలి. అంబేడ్కర్‌కూ, మిషోకూ మిగిలిన దారి అదే.

సినిమాలో కులం గురించి మనం జరుపుతున్న చర్చ చాలావరకు పాత్రల దగ్గరే ఆగిపోతున్నది. దళిత పాత్ర ఉన్నదా, ఉంటే దానికి గౌరవం దక్కిందా అన్నవి అవసరమైన ప్రశ్నలే. కాని ఆ పాత్రకు ప్రాణం పోసే పెట్టుబడి ఎవరిది, చిత్రాన్ని ఊరూరికీ చేర్చే పంపిణీ ఎవరిది, ఆడించే హాలు ఎవరిది, యాభై ఏళ్ల తర్వాత ఆ ప్రతిని భద్రపరిచేది ఎవరు అన్న ప్రశ్నలను మనం అరుదుగా అడుగుతాం. మిషో జీవితం ఈ ప్రశ్నలన్నింటినీ వరుసగా మన ముందుంచుతుంది.

మిషో 1884లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మెట్రోపోలిస్ సమీపంలో పుట్టాడు. తండ్రి బానిసత్వంలో పుట్టినవాడు. పదిహేడో ఏట చికాగో చేరిన మిషో చిన్నాచితకా కూలిపనులు చేసి, చివరకు పుల్‌మన్ రైలు పెట్టెల్లో పోర్టర్‌గా కుదిరాడు. తెల్ల ప్రయాణికుల పక్కలు పరచడం, బూట్లు తుడవడం, సామాన్లు మోయడం ఆ ఉద్యోగం. నాటి నల్లవారికి అది గౌరవప్రదమైన కొలువు. దానివల్ల అతడు దేశమంతా తిరిగాడు, సంపన్నుల మాటలు విన్నాడు, నాలుగు డబ్బులు వెనకేసుకున్నాడు. 1905 ప్రాంతంలో ఆ డబ్బుతో దక్షిణ డకోటాలోని గ్రెగరీ కౌంటీలో భూమి సంపాదించి వ్యవసాయం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవారంతా తెల్ల రైతులే.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాటవేయకూడదు. ఆ భూమి రోజ్‌బడ్ రిజర్వేషన్‌లోని లకోటా ఆదివాసుల నుంచి తీసుకుని, వలస సేద్యగాళ్లకు పంచిపెట్టినది. బానిస కొడుకు భూయజమాని కావడానికి దొరికిన అవకాశం మరొక పీడిత జాతి పోగొట్టుకున్న నేల నుంచి వచ్చింది. ఆధిపత్య వ్యవస్థ అణగారినవారికి అవకాశమిచ్చేటప్పుడు కూడా మరొకరి నోటి దగ్గరి కూడే లాక్కుని ఇస్తుంది. శ్రేణీకృత అసమానతను రోజూ చూస్తున్న మనకు ఇది కొత్త సంగతి కాదు.

అనావృష్టి, అప్పులు, విఫలమైన వివాహం కలిసి మిషోకు ఆ భూమిని దక్కనివ్వలేదు. పోయిన భూమి కథనే అతడు పుస్తకంగా రాశాడు. ‘ది కాంక్వెస్ట్’ అనే ఆ నవల 1913లో రచయిత పేరు లేకుండా వెలువడింది. తర్వాత సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టుకుని, తన పుస్తకాలను సంచిలో వేసుకుని గడపగడపకూ తిరిగి అమ్మాడు. కొన్నవారిలో అతని పొలం పొరుగున ఉన్న తెల్ల రైతులు కూడా ఉన్నారు. రచయిత, ప్రచురణకర్త, అమ్మకందారు ఒక్కడే. ఈ అలవాటే తర్వాత అతని సినిమా వ్యాపారానికి పునాది అయింది.

1917లో వచ్చిన ‘ది హోమ్‌స్టెడర్’ నవల నల్లజాతివారే నడుపుతున్న లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ దృష్టిలో పడింది. వారు చిత్రీకరణ హక్కులు అడిగారు. చిత్రనిర్మాణం తన చేతుల మీదుగానే సాగాలని మిషో పట్టుబట్టాడు. అప్పటికి అతనికి సినిమా అనుభవం ఏమాత్రం లేదు. బేరం చెడింది. హక్కులు అమ్ముకుని ఊరుకుంటే అతడు ఆనాటి అనేకమంది రచయితల్లో ఒకడిగా మిగిలిపోయేవాడు. అలా చేయక సొంతంగా ‘మిషో ఫిల్మ్ అండ్ బుక్ కంపెనీ’ స్థాపించి, తన పుస్తకాలు కొన్న రైతులకే వాటాలు అమ్మి పెట్టుబడి సమకూర్చుకున్నాడు. 1919 ఫిబ్రవరిలో ‘ది హోమ్‌స్టెడర్’ చికాగోలో విడుదలైంది. ఒక నల్లజాతీయుడు తీసిన తొలి పూర్తి నిడివి కథాచిత్రం అదే.

మరుసటి ఏడాది వచ్చిన ‘వితిన్ అవర్ గేట్స్’లో ఒక నల్లజాతి యువతి పేదపిల్లల బడి కోసం ఐదు వేల డాలర్ల విరాళం వెతుక్కుంటూ ఉత్తరాదికి వెళుతుంది. కథ వెనక్కు నడిచి ఆమె గతాన్ని చూపుతుంది. ఆమెను పెంచిన తండ్రి ఒక కౌలురైతు. భూస్వామి హత్యానేరం అన్యాయంగా అతని మీద పడుతుంది. తెల్ల మూక భార్యాభర్తలను ఉరితీస్తుంది. అదే సమయంలో భూస్వామి తమ్ముడు ఆ యువతిపై అత్యాచారానికి తెగబడతాడు. ఆమె రొమ్ముపై ఉన్న మచ్చ చూసి ఆమె తన కూతురేనని గుర్తిస్తాడు. తెల్ల స్త్రీ మానరక్షణ పేరుతో నల్లవారిని చంపే సమాజంలో అసలు అత్యాచారం ఎవరు ఎవరిమీద చేస్తున్నారో మిషో తెరమీద తిప్పి చూపాడు. ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’కు అంతకు మించిన జవాబు ఉండదు.

ఆ జవాబును అధికారులు అంత సులభంగా సాగనివ్వలేదు. 1919 వేసవిలో చికాగోలో జరిగిన జాతి అల్లర్లలో 38 మంది మరణించారు. ఈ చిత్రం మళ్లీ అగ్గి రాజేస్తుందని సెన్సారు బోర్డు మొదట అనుమతి నిరాకరించింది. అనుమతి వచ్చాక కూడా మతపెద్దల నుంచి అభ్యంతరాలు ఆగలేదు. హత్య జరిగినప్పుడు చెదరని శాంతి, ఆ హత్యను చూపినప్పుడు మాత్రం చెదురుతుందన్న వాదన మనకూ సుపరిచితమే. కారంచేడు గురించి, చుండూరు గురించి మాట్లాడినప్పుడల్లా పాత గాయాలు ఎందుకు రేపుతారని అడిగేవారు ఇక్కడా ఉన్నారు.

పెద్ద స్టూడియోల పంపిణీ యంత్రాంగం మిషోకు అందుబాటులో లేదు. నల్లవారి పేటల్లోని హాళ్లు, దక్షిణాదిలో తెల్లవారి హాళ్లు నల్లవారి కోసం వేసే అర్ధరాత్రి ఆటలు మాత్రమే అతని మార్కెట్టు. కొత్త చిత్రం ఆలోచన, నటీనటుల ఫొటోలు పట్టుకుని హాళ్ల యజమానుల దగ్గరకు స్వయంగా వెళ్లి అడ్వాన్సులు తెచ్చుకునేవాడు. ఆ డబ్బుతో సినిమా తీసేవాడు. కొద్దిపాటి ప్రింట్లనే ఒక ఊళ్లో ఆట కాగానే మరో ఊరికి చేర్చేవాడు. ఒకచోటి సెన్సారు కత్తిరించమంటే కత్తిరించి, మరోచోట వీలైనంత మేర చూపేవాడు. మొత్తం మీద నలభైకి పైగా చిత్రాలు తీశాడు. తర్వాతి కాలంలో ప్రపంచమంతా ఎరిగిన గాయకుడు పాల్ రాబ్సన్‌ను 1925లో ‘బాడీ అండ్ సోల్’ ద్వారా తొలిసారి తెరకు పరిచయం చేసింది మిషోనే.

అతడిని విమర్శకు అతీతుడిగా నిలబెట్టనక్కరలేదు. బుకర్ టి. వాషింగ్టన్ బోధించిన స్వయంకృషి మార్గాన్ని నమ్మిన మిషో, నల్లవారి వెనుకబాటుకు కొంత నిందను వారిమీదే మోపాడు. నాయకా నాయికల పాత్రలకు తెల్లని మేనిఛాయ ఉన్నవారిని ఎంచుకుని, ముదురు రంగువారికి తరచూ తక్కువ పాత్రలిచ్చాడు. ఒక నటుడిని ‘నల్లజాతి వాలెంటినో’ అని ప్రచారం చేశాడు. 1938లో ‘గాడ్స్ స్టెప్ చిల్డ్రన్’ విడుదలైనప్పుడు, చర్మఛాయను బట్టి మనిషిని కొలుస్తున్నదంటూ యువ కమ్యూనిస్టులు న్యూయార్క్‌లో నిరసన తెలిపారు. ఆ విమర్శలో న్యాయముంది. సొంత తెర ఉన్నంత మాత్రాన ఆధిపత్య సౌందర్యదృష్టి నుంచి విముక్తి వచ్చేయదు. తెర కోసం ఒక పోరాటం, చూపు కోసం మరొక పోరాటం చేయాలి. రెండోది మొదలు కావాలంటే మొదటిది జరిగి ఉండాలి. మిషో చిత్రాలు ఉండబట్టే వాటిపై నల్ల సమాజం తనలో తాను వాదించుకోగలిగింది.

1928లో మిషో కంపెనీ దివాలా తీసింది. టాకీలు వచ్చి ఖర్చు పెరిగింది. హార్లెమ్‌లోని తెల్ల థియేటర్ యజమానుల పెట్టుబడితో 1931లో ‘ది ఎగ్జైల్’ తీశాడు. ఒక నల్లజాతి దర్శకుడి తొలి పూర్తి నిడివి టాకీ అది. పెట్టుబడి మారడంతో అధికారమూ మారింది. వారితో పేచీలు కోర్టుదాకా వెళ్లాయి. 1940లలో మళ్లీ నవలలు రాసి, అచ్చు వేయించి, కారులో తిరిగి అమ్ముకున్నాడు. 1948లో తీసిన చివరి చిత్రం ‘ది బిట్రేయల్’ పరాజయం పాలైంది. 1951లో ఉత్తర కెరొలైనాలోని షార్లెట్‌లో మరణించాడు. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరిట నక్షత్రం 1987లో గాని వెలవలేదు.

అతని మూకీల్లో నేడు పూర్తిగానో, దాదాపు పూర్తిగానో మిగిలినవి మూడే. తొలి చిత్రం ‘ది హోమ్‌స్టెడర్’ లేదు. ‘వితిన్ అవర్ గేట్స్’ కూడా దశాబ్దాలపాటు పోయినట్టే భావించారు. చివరకు స్పెయిన్ ఫిల్మ్ భాండాగారంలో ‘లా నెగ్రా’ అన్న పేరుతో, స్పానిష్ వ్యాఖ్యలతో ఒక ప్రతి దొరికింది. అమెరికా పార్లమెంటు గ్రంథాలయం 1993లో దానిని పునరుద్ధరించింది. నల్లజాతి చరిత్రలోని ఒక కీలక సాక్ష్యం సొంత దేశంలో దిక్కులేక పరాయి దేశంలో, పరాయి భాషలో బతికి బయటపడింది.

మన దగ్గర ఆ మాత్రం కూడా మిగలలేదు. దాదాపు అదే కాలంలో తిరువనంతపురంలో జె.సి. డేనియల్ తన భూమి అమ్మి తొలి మలయాళ మూకీ ‘విగతకుమారన్’ తీశాడు. దళిత యువతి పి.కె. రోజీ అందులో నాయర్ స్త్రీ పాత్ర ధరించింది. అగ్రకులాలవారు తెరమీద రాళ్లు రువ్వారు, ఆమెను ఊరు విడిచి పారిపోయేలా చేశారు. ఆ చిత్రం ప్రతి దొరకదు. మిషో వెనుక అతని చిత్రాలు ఆడించే హాళ్లు, టికెట్ కొనే నల్ల ప్రేక్షకులు, చిత్రాల గురించి రాసే నల్లజాతి పత్రికలు ఉన్నాయి. రోజీకి అలాంటి ఆసరా ఏదీ లేదు. కులవ్యవస్థలో ఆమె ఒంటరిగా మిగిలింది.

తెలుగులో 1938 నాటి ‘మాలపిల్ల’ సాహసోపేతమైన చిత్రమే. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మానిది, పెట్టుబడి చల్లపల్లి జమీందారుది. వారి అభ్యుదయాన్ని శంకించనక్కరలేదు. ఏడాది తర్వాత వారే తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారుల ఆగ్రహానికి గురై కొన్నిచోట్ల నిషేధం పాలైంది కూడా. కాని మాలపిల్ల గురించి మాట్లాడిన ఆ చిత్రంలో, ఏ మాట ఉండాలో ఏది ఉండకూడదో నిర్ణయించే స్థానంలో మాల, మాదిగలు లేరు. కుసుమ ధర్మన్న, భాగ్యరెడ్డి వర్మ వంటివారు అప్పటికే పత్రికలు నడిపిన నేల ఇది. పత్రికలో వినిపించిన ఆ గొంతు స్టూడియో గేటు దాటలేకపోయింది. పత్రిక నడపడానికి ఒక అచ్చుయంత్రం చాలు. సినిమాకు స్టూడియో, పంపిణీ, హాలు కావాలి. ఆ మూడూ భూమి నుంచి పుట్టిన పెట్టుబడి చేతిలో ఉన్నాయి. భూమి ఏ కులాలది అన్నది వేరే చెప్పనక్కరలేదు.

తమిళనాట పా. రంజిత్ ఈ చిక్కుముడిని గుర్తించాడు. దర్శకుడిగా వచ్చిన పేరును నీలం ప్రొడక్షన్స్‌గా మలచి, 2018లో మారి సెల్వరాజ్ తొలి చిత్రం ‘పరియేరుం పెరుమాళ్’ను నిర్మించాడు. సినిమాతో ఆగక సంగీత బృందం, పత్రిక, ప్రచురణ, పుస్తకాల దుకాణం కూడా నెలకొల్పాడు. ఒక చిత్రం ఆడకపోయినా వేదిక మిగలాలన్నది ఆ ప్రయత్నంలోని వివేకం. మిషో ఒక్కడే మోసిన బరువు అక్కడ అనేకుల భుజాలమీద పడుతున్నది.

తెలుగులో దళిత, బహుజన రచయితలకు, గాయకులకు, నటులకు కొదవలేదు. వారి పాటలు, యాస, కథలు సినిమాకు పనికివస్తూనే ఉన్నాయి. లేనిది వాటిపై వారి హక్కు. విశ్వవిద్యాలయాల్లో సినిమాను చదువుతున్న విద్యార్థులు తెరమీది ప్రాతినిధ్యంతో పాటు ఫైనాన్సు, పంపిణీ, ఓటీటీ హక్కుల ఒప్పందాలను కూడా అధ్యయనం చేయాలి. ఉద్యమాలు సభలు, కరపత్రాలతో పాటు వాటాల సేకరణ, సహకార నిర్మాణం, ప్రతుల భద్రత గురించి ఆలోచించాలి. ‘మూక్‌నాయక్’ నిలదొక్కుకోవడానికి శాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చాడు. మిషో చిత్రానికి డకోటా రైతులు వాటాలు కొన్నారు. కథకు ముందు కథను మోసే పెట్టెకు డబ్బు పెట్టేవారు కావాలి. ఆ పెట్టె మన చేతిలో లేనంతకాలం మన కథ ఎంత గొప్పదైనా, దాన్ని ఎక్కడ ఆపాలో, ఏ ముక్క కత్తిరించాలో ఇతరులే తేలుస్తారు.