ముఖం మారితే సరే, లెక్క మారితే?

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా బట్టల మిల్లుల ఊరు. రాత్రి షిఫ్టుకు ముందు ఒక టీ బండి దగ్గర తెలంగాణ నుంచి వచ్చిన నలుగురైదుగురు సాంచాల కార్మికులు గట్టిగా వాదించుకుంటున్నారు. విషయం కూలి రేట్లు కాదు, ‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగం.

కారణం తెలిసిందే. 2024 జూన్ 27న విడుదలైన ఆ చిత్రంలో కల్కిని గర్భంలో మోసే సుమతి పాత్ర దీపికా పదుకొణెది. రెండో భాగంలో ఆమె ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ప్రకటించింది.

‘‘మొదటి పార్టుల ఒకరు, రెండో పార్టుల ఇంకొకరుంటే అదే కథ ఎట్లయితది అన్నా?’’ అన్నాడొక కుర్రాడు. ‘‘మొఖం మారితే ఏందిరా, పోగు తెగొద్దు గని’’ అన్నాడు పెద్దాయన. మగ్గం మీద నిలువు పోగు ఒక్కటి తెగినా, చూసి అతికించకపోతే బట్ట పొడవునా గీత పడుతుంది. నేను మనసులో పెద్దాయన పక్షమే వహించాను.

నటులు మారడం కొత్తేమీ కాదు. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ రెండో భాగంలో జెన్నిఫర్ పాత్రకు క్లాడియా వెల్స్ స్థానంలో ఎలిజబెత్ షూ వచ్చారు. అప్పుడు దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ మొదటి చిత్రం చివరి సన్నివేశాన్ని కొత్త నటితో మళ్లీ తీసి, దానితోనే 1989 చిత్రాన్ని మొదలుపెట్టాడు. అంటే పోగు అతికించాడు.

మరి సైన్స్ ఫిక్షన్‌లో పోగు అంటే ఏమిటి? నా దృష్టిలో అది కథ తనకు తాను పెట్టుకున్న నియమం. కాలయంత్రం సాధ్యమా కాదా అని ప్రేక్షకుడు అడగడు, అది ఉందని ఒప్పుకునే టికెట్ కొంటాడు. ఒప్పుకున్నాక మాత్రం లెక్క తప్పితే ఊరుకోడు. ‘కల్కి’ పేరులోని సంఖ్యనే తీసుకుందాం. కథ మహాభారతంతో మొదలై 6,000 ఏళ్లు సాగుతుందని దర్శకుడు నాగ్ అశ్విన్ చెప్పారు. సంప్రదాయం ప్రకారం కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైంది. 3102, 2898 కూడితే సరిగ్గా 6,000.

ఇక్కడ చిన్న చిక్కుంది. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. గ్రౌండ్ ఫ్లోర్ లేని భవనం అనుకోండి. కింది మూడో అంతస్తు నుంచి పై రెండో అంతస్తుకు ఎక్కాల్సింది ఐదు కాదు, నాలుగే. కాబట్టి గడిచినవి 5,999 ఏళ్లు. ఈ లెక్కకు సాక్షి ఆర్యభటుడే. తనకు 23 ఏళ్లు నిండేనాటికి కలియుగంలో 3,600 ఏళ్లు గడిచాయని ఆయన రాశాడు. అది క్రీ.శ. 499. 3102కు 499 కలిపితే 3,601. ఒకటి తీసేస్తేనే ఆయన మాట నిలుస్తుంది.

అయితే సినిమా తప్పిందా? లేదనే అంటాను. మన పంచాంగాలు గడిచిన ఏళ్లను, నడుస్తున్న ఏడును వేరుగా లెక్కిస్తాయి. 2898 ఉగాదికి 5,999 ఏళ్లు పూర్తయి 6,000వ సంవత్సరం మొదలవుతుంది. పేరు గట్టెక్కింది!

కలియుగం 4,32,000 ఏళ్లు కదా, కల్కి అప్పుడే ఎలా వస్తాడు అన్నది కొందరి అభ్యంతరం. పురాణం లెక్క అదే. కానీ సినిమా 6,000ను ఎంచుకుంది, అది దాని హక్కు. రెండో భాగం ఆ గడువును మరిచిపోతేనే తప్పు.

నిబద్ధత ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ని గుర్తు చేసుకోవాలి. దాని కొనసాగింపు ‘2010’ 1984లో వచ్చేనాటికి డిస్కవరీ నౌక నమూనాలు మిగల్లేదు. దర్శకుడు పీటర్ హయమ్స్ బృందం పాత చిత్రం ఫ్రేములను పెద్దవి చేసి, వాటిని చూస్తూ నౌకను మళ్లీ కట్టింది. రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అయితే తన పుస్తకాన్నే పక్కన పెట్టాడు. ‘2001’ నవలలో నౌక శనిగ్రహానికి వెళ్తుంది, సినిమాలో గురుగ్రహానికి. కొనసాగింపు నవలలో ఆయన సినిమానే అనుసరించాడు. ‘కల్కి’ వాళ్లకు ఈ విషయంలో కొంత నయం. బుజ్జి వాహనాన్ని మహీంద్రా, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ సాయంతో నిజంగా నడిచేలా తయారు చేశారు.

నాకు అసలు ఆసక్తి మాత్రం ఇంకా రాని ఒక సీక్వెల్ మీద. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ‘ఆదిత్య 999 మాక్స్’ గురించి బాలకృష్ణ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పాత చిత్రంలో కాలయంత్రం 2504కు చేరేసరికి మూడో ప్రపంచయుద్ధపు రేడియేషన్ వల్ల మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. యుద్ధం 2100లో జరిగిందనుకుందాం. అణుధూళిలో ప్రధానమైన సీజియం-137 ప్రతి 30 ఏళ్లకు సగమవుతుంది. 404 ఏళ్లలో దాదాపు 13 సార్లు సగమై, పదివేల వంతుల్లో ఒక వంతు చుట్టూ మిగులుతుంది. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 ఏళ్లు, కాబట్టి అది 98 శాతానికి పైగా అలాగే ఉంటుంది. అయితే దాని ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటలేవు, ధూళిగా పీల్చితేనే ముప్పు ఎక్కువ. 2504లో జనం పైకి రాలేకపోవడానికి కారణం ఏమిటో, కొత్త కథ రాసేవారు ముందు ఇదే తేల్చుకోవాలి.

టీ గ్లాసు పట్టుకుని ఇదంతా చెప్పాను. మొదట గొడవపడ్డ కుర్రాడు శ్రద్ధగా విని, షిఫ్టుకు లేస్తూ అడిగాడు: ‘‘మరి యుద్ధం ఎప్పుడయిందో రెండో పార్టుల చెప్తరంటవా అన్నా?’’