రక్తం ముందే చెబుతుందా?

2021 మే నెల. కాకినాడలో పెదనాన్నకు కొవిడ్. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ‘ఏమన్నా తిన్నాడా?’ అనే ప్రశ్న వెనక్కిపోయి, ‘సీఆర్పీ ఎంతొచ్చింది?’ అన్నది ముందుకొచ్చింది. మొదటి రిపోర్టులో 96. పెద్దమ్మ ఆ రాత్రి కంటి మీద కునుకు వేయలేదు. రెండ్రోజులకు వేరే ల్యాబ్‌లో చేయిస్తే 9.2. ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నాం. సాయంత్రం డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, ‘‘పెద్దగా తగ్గలేదమ్మా. మొదటిది లీటరు లెక్క, ఇది డెసిలీటరు లెక్క. పదితో గుణించండి, 92’’ అన్నారు.

అంకె పక్కన అంత చిన్నగా అచ్చువేసిన కొలమానాన్ని మాలో ఒక్కరం కూడా చూడలేదు. ఒక చుక్క రక్తం రాబోయేదాన్ని ఎంతవరకు చెప్పగలదో తెలుసుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఈ కథ మొదలైందీ ఊపిరితిత్తుల జబ్బుతోనే. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షిస్తున్నారు. (తర్వాత 1954లో పోలియో టీకా మీద జరిగిన భారీ పరీక్షను నడిపించింది ఈ ఫ్రాన్సిసే.) పెన్సిలిన్ ఇంకా వైద్యుల చేతికి రాలేదు. రోగి గట్టెక్కుతాడా లేదా అని మంచం పక్కన కూర్చుని ఎదురుచూడాల్సిందే. న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసి ‘సి’ అని పేరుపెట్టుకున్న పదార్థాన్ని ఆ రోగుల సీరంలో కలిపితే మడ్డి కట్టింది. కోలుకున్నవాళ్ల సీరంలో కలిపితే కట్టలేదు. ఆ మడ్డికి కారణమైన ప్రొటీనే సి-రియాక్టివ్ ప్రొటీన్, మన నోళ్లలో సీఆర్పీ.

దాన్ని తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ చేరినా, గాయమైనా రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు పంపిస్తాయి. కొన్ని గంటల్లోనే కాలేయం సీఆర్పీని రక్తంలోకి వదలడం మొదలుపెడుతుంది. రెండ్రోజులకు అది తారస్థాయికి చేరుతుంది. తయారీ ఆగిందా, దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ పోతుంది. అందుకే డాక్టర్లు ఇవాళ్టి అంకె కంటే, నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడా మీదే ఎక్కువ దృష్టి పెడతారు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కాలేయమే బాగా చెడిపోయినవాళ్లలో లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్పీ అంతగా పెరగకపోవచ్చు.

అసలు ఆశ్చర్యం గుండె విషయంలో ఎదురైంది. అమెరికాలో 22 వేలమందికి పైగా మగ డాక్టర్లు పాల్గొన్న ఒక అధ్యయనంలో 1980లలో సేకరించిన రక్తాన్ని అతిశీతలంలో దాచారు. పాల్ రిడ్కర్ బృందం ఆ నమూనాలను బయటికి తీసి చూసి 1997లో ఫలితాలు ప్రకటించింది. రక్తం ఇచ్చేనాటికి అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. అయినా సీఆర్పీ అందరికంటే ఎక్కువ ఉన్న పాతికశాతం మందికి గుండెపోటు ముప్పు, అతి తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే సుమారు మూడు రెట్లు! 2024లో అదే రిడ్కర్ బృందం 27,939 మంది మహిళలను 30 ఏళ్లపాటు గమనించి చూస్తే, మొదట్లో ఒక్కసారి కొలిచిన సీఆర్పీ చెడు కొలెస్ట్రాల్ కంటే బలంగానే ముప్పును సూచించింది. ఇక్కడ వాడేది అతి సూక్ష్మంగా కొలిచే హెచ్‌ఎస్-సీఆర్పీ. లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపైతే ముప్పు తక్కువ, మూడు దాటితే ఎక్కువ. జలుబో జ్వరమో ఉన్నప్పుడు చేయించుకుంటే గుండె సంగతి తెలియదు, జలుబు సంగతే తెలుస్తుంది.

మరి సీఆర్పీని తగ్గిస్తే గుండె బాగుపడుతుందా? పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల సీఆర్పీ ఎక్కువగా ఉండేవాళ్లను పరిశీలిస్తే, వాళ్లకు గుండెజబ్బు అదనంగా రావడం లేదు. అంటే సీఆర్పీ కబురు మోసుకొచ్చేదే కానీ, దోషి కాదు. దోషి ఉన్నది దాని వెనకాల. 2017లో కెనకినుమాబ్ అనే మందుతో ఆ వెనకున్న వాపు (ఇన్‌ఫ్లమేషన్) ప్రక్రియ మీద గురిపెట్టారు. గుండెపోటు వచ్చిపోయిన పదివేలమందిపై చేసిన ఆ పరీక్షలో, పరీక్షించిన మోతాదుల్లో ఒకదాన్ని తీసుకున్నవాళ్లలో మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు 15 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ మాత్రం కదల్లేదు. సంతోషించేలోపే ఇంకో నిజం బయటపడింది. మందు తీసుకున్నవాళ్లలో ఇన్ఫెక్షన్ చావులు పెరిగాయి.

ఆ తర్వాతి పరీక్షలో మన తెలుగువాడి నీడ ఉంది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల అందించిన మందు మెథోట్రెక్సేట్. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లుపోయే ఎందరికో ఇవాళ్టికీ అదే ఆసరా. చవకైన ఆ మందు గుండెనూ కాపాడుతుందేమోనని 4,786 మందిపై పరీక్షించి చూశారు. మందు తీసుకున్నవాళ్లలో సీఆర్పీ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. ఆ ఫలితం చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. కానీ వాపు ప్రక్రియకు దారులు అనేకమని, ఏ దారి మూయాలో తెలియకుండా ఏ మందూ పనిచేయదని రూఢి చేసింది ఆ ఓటమే.

కొవిడ్‌లోనూ ఏ మందు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నే ప్రాణాల మీదికొచ్చింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన రోగులను కాపాడింది. అవసరం లేనివాళ్లకు మేలు చేయలేదు. సీఆర్పీ 75 దాటి, ఆక్సిజన్ కూడా పడిపోయినవాళ్లకు టోసిలిజుమాబ్ అనే మందు ఇస్తే, 28 రోజుల్లో చనిపోయేవాళ్లు వందకు 35 నుంచి 31కి తగ్గారు. అక్కడ అంకె ఒంటరిగా తీర్పు చెప్పలేదు, ఆక్సిజన్ పక్కన నిలబడి చెప్పింది. మన దగ్గర సీఆర్పీ ఒక్కటే చూసుకుని ఇంట్లోనే స్టెరాయిడ్లు మింగినవాళ్లు నాకు తెలుసు. తెలిసీ ఆపలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మందు పడ్డాక అంకె అర్థం కూడా మారిపోతుంది. టోసిలిజుమాబ్ ఆ ఇంటర్‌ల్యూకిన్-6 కబురునే అడ్డుకుంటుంది. కాబట్టి లోపల కొత్త ఇన్ఫెక్షన్ ముదురుతున్నా సీఆర్పీ చప్పుడు చేయదు. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు సంగతీ అంతే. అందులో తెల్లకణాల రకాలైన న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి తీవ్రతను చెప్పే చవకైన సూచిక. అయితే స్టెరాయిడ్ వాడితే న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్స్ తగ్గి అదీ దారి తప్పిస్తుంది. ఏ మందు ఎప్పుడు మొదలైందో తెలియకుండా రిపోర్టును ఫోన్‌లో పంపి ‘ఎలా ఉంది?’ అని అడిగితే, ఎంత గొప్ప డాక్టరైనా చెప్పగలిగేది కొంచెమే.

పెదనాన్నకు మూడో పరీక్ష అదే రెండో ల్యాబ్‌లో చేయించాం. 3.1. ఈసారి కొలమానం చూసి, పదితో గుణించి, మా అన్నయ్య గ్రూపులో ‘31’ అని పెట్టాడు. అంకె దిగింది. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఇంకో తొమ్మిది రోజులు మంచం పక్కనే ఉంది.